బూడిద కుండలో నీలిరాయి

మొన్న మా మనవరాలు సెల్‌ఫోను తెచ్చి నా కళ్ళజోడుకు ఆనించినంత పనిచేసి, ఎక్కడో పరదేశాల్లో కార్లకు రంగు కొట్టే షెడ్లలో ఏళ్ళ తరబడి పొరలు పొరలుగా పేరుకుపోయిన పెయింటు పెచ్చులను కోసి, సానపట్టి, ఉంగరాల్లో పొదిగి అమ్ముతున్నారని, ఇనుము కరిగించే కొలుముల దగ్గర పారబోసిన చిట్టెంలోంచి కూడా రాళ్ళు తీసి హారాలు గుచ్చుతున్నారని చూపించింది. చెత్తలోంచి నగలు చేయవచ్చునన్న సంగతి ప్రపంచానికి నిన్ననే తట్టినట్టు అది మురిసిపోతుంటే నాకు నవ్వూ వచ్చింది, కాస్త ఉక్రోషమూ వచ్చింది. మీ ఫోన్లు పుట్టకముందే మా బోధన్‌లో ఒక మనిషి ఆ పనిచేసి ఇల్లు నడుపుకున్నాడే అని, లేచి వెళ్ళి బీరువా అడుగున గుడ్డలో చుట్టి దాచిన వెండి ఉంగరం తెచ్చి దాని అరచేతిలో పెట్టాను.

సీసా పెంకు రంగులో పచ్చటి రాయి, చింతగింజంత ఉంటుంది. పచ్చనా అమ్మమ్మా అని అది కళ్ళింతలు చేసుకుని అడిగితే, పచ్చా లేదు గిచ్చా లేదు, చెరుకు పిప్పి తిని చక్కెర ఫ్యాక్టరీ బాయిలరు పెట్టిన గుడ్డు అన్నాను. వేలికి తొడుక్కుని ఇక తీయనంటే తీయనంది. కాని రాయి గూట్లో కదులుతోంది, ఎక్కడ ఊడిపడుతుందోనని నాకు దడ పట్టుకుంది. బాగుచేయించి ఇస్తానని బుజ్జగించి తీసుకుని, మరునాడు పొద్దున్నే ఆటో ఎక్కి నిజామాబాద్ పాత బజారులో తెలిసిన అవుసలాయన నగల దుకాణానికి వెళ్ళాను.

ఆయన భూతద్దం కంటికి పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "రాయి లూజైంది పెద్దమ్మా, ఎనుక రేకు ఇప్పితె గని తెల్వది. అర్ధగంట కూసో" అన్నాడు. కూర్చున్నాను. ఆ రేకును ఇన్నేళ్ళలో ఎవరూ విప్పలేదు. ఆ రేకు మీద నాకొక పాత అలక ఉంది, దాన్ని గురించి చెప్పాలంటే మొదటినుంచీ రావాలి.

మా బాపు ఆ ఫ్యాక్టరీలో బాయిలరు మీద పనిచేసేవాడు. మీలో ఆ చెరుకు ఊళ్ళలో పెరిగినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు, గానుగ నడిచే నెలల్లో ఊరంతటికీ ఒకటే వాసన ఉండేది, కాగిన చెరుకుపాలదీ పులిసిన మడ్డిదీ కలిసిన వాసన, అది బడి పుస్తకాల మధ్యలో కూడా దూరేది. చెరుకు బండ్లు రోడ్డు పొడుగునా వరుసకట్టి నిలబడితే మేము వెనుకనుంచి గడలు గుంజుకుని పారిపోయేవాళ్ళం, బండివాళ్ళ తిట్లు మాకు దీవెనల్లాగే వినబడేవి. ఇప్పుడు చెరుకు ముక్కను చూస్తేనే నా పళ్ళు వణుకుతాయి గాని, ఆ తీపి మాత్రం నాలుక మీదినుంచి పోలేదు.

రసం తీసిన పిప్పినే బాయిలరులో వేసి మండించేవాళ్ళు. పిప్పి కాలితే బూడిదే కదా మిగలాలి అనుకుంటాము, కాని ఆ సెగకు బూడిదలోని ఇసుక కరిగి, బట్టీ అడుగున ముద్దలు ముద్దలుగా గడ్డకట్టేది. దాన్ని క్లింకరు అనేవాళ్ళు. బట్టీ ఆపి శుభ్రం చేసే రోజు గడ్డపారలతో పగలగొట్టి తీసి వెనుక దిబ్బ మీద పారబోస్తే, ఊళ్ళో వాళ్ళు గుంతలు పూడ్చుకోవడానికి ఎత్తుకుపోయేవాళ్ళు. ఎక్కువ భాగం నల్లటి తుక్కే. కాని పలుగు దెబ్బకు ఎక్కడో ఒకచోట గాజులా నిగనిగలాడే గడ్డ బయటపడేది, ఒకటి సీసా పచ్చన, ఒకటి తేనె రంగు, ఒకటి పాలు కలిపిన బూడిద రంగు. అట్లాంటిది కనబడితే బాపు మా గోడ పక్క ఇంటి చాచా కోసం తీసి ఉంచేవాడు.

చాచా వాళ్ళది తాతలనాటినుంచీ రాళ్ళు చెక్కే ఇల్లు. పెద్ద పెద్ద ఇళ్ళవాళ్ళు ఇంటికి పిలిపించి కెంపులూ పచ్చలూ సానపట్టించుకున్న రోజులు వాళ్ళ నాన్నతోనే పోయాయట. రాయి కొనే పెట్టుబడి చాచా దగ్గర లేదు, చేతిలో పనితనం మాత్రం ఉంది. ఒకరోజు మా బాపు ఆటకు ఇచ్చిన క్లింకరు గడ్డను సాన మీద పెట్టి చూశాడట, అదే ఆయన బతుకు అయింది. వాకిట్లో చాప మీద కూర్చుని, కుడిచేత్తో విల్లులాంటి కర్రను ముందుకూ వెనక్కూ లాగుతూ సాన తిప్పేవాడు, ఎడమచేత్తో పుల్ల చివర లక్కతో అంటించిన రాయిని దానికి ఆనించేవాడు. ఆ గరగర మా అవ్వకు తలనొప్పి, నాకేమో దాంతోనే తెల్లవారేది.

ఆయనకొక పట్టుదల ఉండేది. నిజమైన రాళ్ళకు కూడా అడుగున తళుకు రేకు పెట్టి వెనుక మూసేయడం ఆ పనిలో మామూలే, దాంతో రాయికి లేని మెరుపు వస్తుంది. చాచా మాత్రం బట్టీ రాయి పొదిగిన ఏ ఉంగరానికీ వెనుక మూసేవాడు కాదు. కొనేవాళ్ళు వెలుగుకు పట్టి ఆరపార చూసుకోవాలి. వర్ని నుంచీ ధర్పల్లి నుంచీ అంగడికి వచ్చిన ఆడవాళ్ళు, హద్దు అవతలినుంచి వచ్చి మరాఠీలో బేరాలాడే ఆసాములు, ఎవరు రాయి పట్టుకున్నా ముందే చెప్పేసేవాడు. "గిది పత్థర్ గాదమ్మా, మన బట్టీల పుట్టిన నగీనా. నచ్చితె తీస్కో, లేకుంటె సలాం." సగం మంది నవ్వి లేచిపోయేవాళ్ళు. మిగిలిన సగం మంది ఆ మాటకే కొనేవాళ్ళు. ఇట్లా నిజం చెప్పుకుంటూ పోతే ఇల్లెట్లా గడుస్తుందని చాచీ తల కొట్టుకునేది.

చాచా బిడ్డ నా ఈడుది, నా దోస్తు. ఒకరి వీపు మీద ఒకరు బడికి మోసుకుపోయినంత స్నేహం, అయితే ఆమెది ఉర్దూ బడి, నాది తెలుగు బడి. సాయంత్రం ఇద్దరం ఒకే తట్టలో మరమరాలు పోసుకుని, ఉల్లిగడ్డ ముక్కల కోసం మాత్రం కొట్లాడుకునేవాళ్ళం.

మా ఇద్దరికీ అప్పజెప్పిన పని ఒకటుండేది. బట్టీ గాజు మొండిది, తొందరగా చల్లారితే లోపల కోపం పెట్టుకుంటుందని చాచా చెప్పేవాడు, పైకి కనబడదు గాని సాన మీదికి రాగానే పగిలి చేతికి వస్తుంది. అందుకని బాపు గడ్డను ఎర్రగా ఉండగానే తవ్వి తీసి, వేడి బూడిద నింపిన కుండలో పూడ్చి తెచ్చేవాడు. ఆ కుండ మా రెండిళ్ళ నడుమ చూరు కింద ఉండేది. పదకొండు రోజులు పొద్దునా సాయంత్రం దాని మీదా చుట్టూ నిప్పులు పేర్చాలి, మొదటి రోజు తట్టెడు, రోజురోజుకూ తగ్గిస్తూ పోయి ఆఖరు రోజు పిడికెడు. ఒకరోజు వాళ్ళ పొయ్యి నిప్పులు, ఒకరోజు మా పొయ్యివి. లోపల రాయి పండుకున్నది, లేపొద్దు అనేవాడు చాచా. మేము కుండ దగ్గర గుసగుసగా మాట్లాడుకునేవాళ్ళం, పిల్లను నిద్రపుచ్చినట్టే.

ఆ ఏడు గానుగ ముగిసే ముందు బాపు ఇంటికి వచ్చిన తీరే వేరుగా ఉంది. చెమట తుడుచుకోకుండానే గోడ మీదినుంచి చాచాను పిలిచి, "తమ్మీ, నీలిది ఎల్లింది" అన్నాడు. ఏ రాగి ముక్క బట్టీలో పడి కరిగిందో, లేక చెరుకు పెరిగిన నేలలోనే ఏమన్నా ఉందో ఎవరికీ తెలియదు. అంతకుముందు ఎన్నడూ నీలం రాలేదు, ఆ తరువాతా రాలేదు. పలుగు తగిలి అంచున లేచిన పెచ్చును చాచా దీపం ముందు పట్టుకుంటే గోడ మీద నిజాంసాగర్ కాలువ నీళ్ళంత నీలం పడింది. చాచీ కూడా ఆరోజు తిట్టడం మరిచిపోయింది.

దాని మీద ఏమేమి ఆధారపడి ఉన్నాయో మా ఇద్దరికీ తెలుసు, గోడలు అంత పల్చన మరి. ఇందూరులో, అంటే నిజామాబాద్‌లోనే, నగల సేటు ఒకాయన చాచా రాళ్ళను కచరా నగీనాలని, చెత్తలో ఏరిన రాళ్ళని ఎగతాళి చేసేవాడు, కాని ఎక్కడా దొరకని రంగు ఒక్కటి తెచ్చి చూపిస్తే ఏడాది పొడుగునా పని ఇస్తానన్నాడు. ఇటు చాచీ వాళ్ళ అన్న హైదరాబాదులో రాళ్ళ కార్ఖానాలో ఉన్నాడు, వచ్చేయండి, కూలి అయినా నికరంగా దొరుకుతుందని కబురు మీద కబురు పంపేవాడు. నీలిరాయి కుదిరితే వాళ్ళు బోధన్‌లోనే ఉంటారు, కుదరకపోతే ఎండాకాలం సెలవుల్లోపే వెళ్ళిపోతారు. నా దోస్తు నాతో ఉంటుందా లేదా అన్నది ఆ బూడిద కుండలో పండుకుని ఉంది.

ఆరో రోజు నా వంతు. సాయంత్రం ఆమె అరబ్బీ చదువుకు పోయింది, అవ్వ కిరాణానికి పోయింది, చాచీ నమాజులో ఉంది. నేను నిప్పులు తీసుకుని వెళ్ళాను. నాకు ఓపిక లేదు, ఇప్పటికీ లేదు, అన్నం ఉడికిందో లేదో నాలుగుసార్లు మూత తీసే మనిషిని. కాని ఆరోజుది ఒట్టి ఓపిక లేకపోవడం కాదు. లోపల నిజంగా నీలమే ఉందా, అంచున ఒక్క పెచ్చే నీలమై లోపలంతా నల్లగా ఉంటేనో అని రెండు రోజులుగా నాకు అన్నం దిగలేదు. పట్టకారుతో బూడిదలోంచి గడ్డను తీశాను. మసిపట్టి నల్లగా ఉంది. రాయి తడిస్తేనే అసలు రంగు చూపుతుందని చాచా చేతుల్లో వందసార్లు చూసినదాన్ని, పక్కన బిందెలోంచి చెంబెడు నీళ్ళు తీసి పోశాను.

బుస్సున ఆవిరి లేచింది. ఆ ఆవిరి వెనుక, నా జీవితంలో మళ్ళీ చూడని నీలం. దానితో పాటే సన్నగా టిక్‌మని ఒక చప్పుడు, చీర పిన్ను కింద పడినంత చప్పుడు. నేను ఆ చప్పుడును విన్నాను గాని లెక్కచేయలేదు. నీలమే, ఇంత నీలమే, వీళ్ళు ఎక్కడికీ పోరు అని కళ్ళనీళ్ళు వచ్చాయి. గడ్డను మళ్ళీ బూడిదలో పూడ్చి, నిప్పులు పేర్చి, పిల్లిలాగా వచ్చేశాను.

పదకొండో రోజు చాచా కుండ ఒంపాడు. పొడి బూడిద జలజలా రాలి, చివర గడ్డ పక్కన సిమెంటులాగా గట్టిపడిన ఒక పెళ్ళ రాలింది. తడిసి ఎండిన బూడిద. ఆయన దాన్ని తీసుకుని వేళ్ళ మధ్య నలిపాడు. తలెత్తి మా ఇద్దరినీ చూశాడు. రాయిని లక్క పుల్లకు అంటించి బిస్మిల్లా అని సాన తిప్పాడు. నాలుగో తిప్పుకో ఐదో తిప్పుకో అది పగిలి, పేలాల్లాగా వాకిలంతా చెదిరింది.

తరువాత చాచీ ఆ బూడిద పెళ్ళను చూసి, ఇంట్లో ఉండేది నువ్వే గదా అని తన బిడ్డ వీపు మీద రెండు చరిచింది. నా దోస్తు నా వైపు ఒక్కసారి చూసింది. వంతులు ఆమెకూ తెలుసు. ఆమె నోరు విప్పలేదు, నేనూ విప్పలేదు. ఆమె దెబ్బలు తిన్నది, నేను చూస్తూ నిలబడ్డాను. చాచా లేచి వచ్చి చాచీ చెయ్యి పట్టుకుని, "పోరిని కొట్టకు. రాయిలనే ఖోట్ ఉండె" అన్నాడు. లోపం రాయిదేనన్న ఆ మాట చాటున నేను దాక్కున్నాను, ఇన్నేళ్ళు దాక్కునే ఉన్నాను.

నెల తిరగకుండా సామాను లారీకి ఎక్కింది. నా దోస్తు నాకు ఉత్తరం రాస్తానంది. ఆమెకు తెలుగు రాయరాదు, నాకు ఉర్దూ చదవరాదు, ఆ సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. లారీ కదిలే ముందు చాచా నన్ను పిలిచి ఈ ఉంగరం చేతిలో పెట్టాడు. "పెద్దయినంక తొడుక్కో బిడ్డా. ఉడుకు నీళ్ళు తాకనియ్యకు" అన్నాడు. నీళ్ళు అన్న మాట వినగానే నా చెవులు కాలిపోయాయి. తెలుసు, ఆయనకు తెలుసు, అందుకే పొడుస్తున్నాడు అనుకున్నాను. ఇంటికి వచ్చి ఉంగరం తిప్పి చూస్తే వెనుక రేకుతో మూసేసి ఉంది. ఊరందరికీ ఆరపార కనబడే ఉంగరాలు చేసిచ్చిన మనిషి నాకు మాత్రం వెనుక మూసి ఇచ్చాడు. ఏ పనికిరాని ముక్కో పెట్టి ఉంటాడు, నాకు అదే తగును అనుకుని గుడ్డలో చుట్టేశాను. పెళ్ళికి కూడా తొడుక్కోలేదు.

తరువాత నాకు తపాలా ఆఫీసులో ఉద్యోగం వచ్చింది, బోధన్‌లోనే ఎక్కువ ఏళ్ళు చేశాను. మా పెద్ద పోస్టుమాన్‌ను బతిమాలి ఉర్దూ అక్షరాలు నేర్చుకున్నాను, ఆఫీసు పనికి పనికివస్తుందని అందరికీ చెప్పాను. హైదరాబాదు సంచీ విప్పినప్పుడల్లా నా చేతులు ముందు ఉర్దూ రాతనే వెతికేవి. ఎవరెవరికో ఎన్నో ఉత్తరాలు వచ్చాయి, పెళ్ళిళ్ళవీ చావులవీ, అన్నిటికీ ముద్ర కొట్టాను. నాకు రావలసింది మాత్రం రాలేదు. వాళ్ళు ఆ నగరంలో రెండు ఇళ్ళు మారారని, చాచా పోయాడని మాత్రం ఎవరి ద్వారానో తెలిసింది.

"పెద్దమ్మా, గిది సూడు" అని అవుసలాయన పిలిస్తే మళ్ళీ దుకాణంలోకి వచ్చాను. ఆయన అరచేతిలో నల్లగుడ్డ మీద రెండు ముక్కలున్నాయి. "ఒక్క రాయి గాదిది, రెండు. లక్కతోటి అంటిచ్చిండ్రు, లక్క ఎండి ఊడింది. పైన పచ్చది ఉత్త పల్చటి బిళ్ళ, అసలుది కిందున్నది. ఉడుకు నీళ్ళు తాకితె అప్పుడే ఊడుతుండె."

కింద ఉన్నది నీలం. ఆరోజు వాకిట్లో చెదిరినవాటిలో ఒక చిన్న పెచ్చు, ఒక అంచు పగిలినదే, కాని ఆ పగులును కూడా వదలకుండా సానపట్టాడు ఆ మహానుభావుడు. దానికి పైన మూతలాగా పచ్చ బిళ్ళ పెట్టి, ఎవరూ చూడకుండా వెనుక మూసి నా చేతిలో పెట్టాడు. ఉడుకు నీళ్ళు తాకనీయవద్దన్నది పొడవడానికి కాదు, ఆ లక్క నిలవడానికి. పన్నెండేళ్ళ పిల్ల చేసిన పనిని ఊరికి కనబడకుండా కప్పి, ఆ పిల్లకే దాచుకొమ్మని ఇచ్చిన మనిషిని నేను ఇన్నేళ్ళు అపార్థం చేసుకుని బీరువా అడుగున పడేశాను. దుకాణంలో పదిమంది ఉన్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను.

అవుసలాయన గాబరాపడి మంచినీళ్ళు తెప్పించాడు. నీలిదే పైకి పెట్టి పొదగమంటావా, మస్తు మెరుస్తది అన్నాడు. వద్దు నాయనా, ఎట్లా ఉన్నదో అట్లాగే అంటించి, వెనుక మూసి ఇయ్యి అన్నాను. మూసి, తుడిచి నా చేతిలో పెడుతూ ఆయన కూడా ఉడుకు నీళ్ళు తాకనియ్యకు అన్నాడు. అప్పుడు నా నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

"నీళ్ళు నేనే పోసిన."

"ఏం నీళ్ళు పెద్దమ్మా?" అన్నాడాయన.

ఆ మాట అర్థమయ్యే మనుషుల్లో ఇప్పుడు నా దోస్తు ఒక్కతే మిగిలి ఉంటుంది, ఉంటే. ఇంటికి పోకుండా బస్సు ఎక్కి బోధన్ వెళ్ళాను. ఫ్యాక్టరీ గొట్టం అట్లాగే నిలబడి ఉంది, పొగ లేదు, ఏళ్ళయింది పొగ వచ్చి. చెరుకు తోటలుండిన చోట వరి, క్లింకరు దిబ్బ మీద తుమ్మచెట్లు, మా రెండిళ్ళ చోట ఎవరిదో మేడ. ఇప్పటి పిల్లలకు ఏ రాయి కావాలన్నా ఫోనులో వేలు తాకితే ఇంటికి వస్తుంది, పదకొండు రోజులు నిప్పులు పేర్చక్కర్లేదు. మంచిదే, వాళ్ళు నాలాంటి పని చేయకుండా ఉంటారు. చాచా నాకు ఒకటి చేసిచ్చాడంటే తన బిడ్డకూ తప్పకుండా ఒకటి చేసే ఉంటాడు. హైదరాబాదులో ఏ గల్లీలోనో నా దోస్తు వేలికి అట్లాంటి పచ్చ ఉంగరమే ఉండవచ్చు, దాని వెనుక కూడా మూసే ఉండవచ్చు. దాన్ని ఎవరైనా ఇంతవరకు విప్పి చూశారో లేదో.